ఎగువ ఊరి మురుగు, దిగువ ఊరి మంచినీరు

వర్షాకాలం ప్రవేశించిన నాటి నుండి బెల్లంకొండలో మా ఇంటి అరుగు ఎక్కేవారిలో సగం మంది ఒకే బాధతో వస్తారు. మొన్న ఒక తల్లి మూడేళ్ళ బిడ్డను చంకన వేసుకొని వచ్చి, "డాక్టరు గారూ, నిన్న రాత్రి నుంచి ఆగకుండా నీళ్ళ విరేచనాలండీ. లేత మారేడు కాయ గుజ్జు పెట్టమంటారా, దానిమ్మ తొక్క కషాయం పట్టమంటారా?" అని అడిగింది. "ఏ నీళ్ళు తాగుతున్నారమ్మా?" అన్నాను. "టిన్ను నీళ్ళేనండీ, కొనుక్కుంటున్నాం" అంది. "గిన్నెలు కడిగేది, కూరలు కడిగేది, బిడ్డ చేత పుక్కిలింపజేసేది?" ఆమె ఒక్క క్షణం ఆగి, "అవి కుళాయి నీళ్ళే కదండీ" అంది.

ఆ బిడ్డకు మారేడు కన్న ముందు కావలసినది నీరు, ఉప్పు, పంచదార. కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి, విరేచనమైన ప్రతిసారీ కొంచెం కొంచెంగా పట్టించాలి. చెంచా అంటే కొలతగా నిండిన టీ చెంచా. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం. మందుల దుకాణంలో దొరికే ఓ.ఆర్.ఎస్. పొట్లమైతే కొలత తప్పే భయం లేదు. కన్నులు లోతుకు పోయినా, మూత్రం ఆగినా, విరేచనంలో రక్తం కనిపించినా గృహవైద్యంతో కాలయాపన చేయక వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోవలెను. ఇది ఈ పత్రిక పాఠకులకు తెలియని విషయం కాదు. నేను ఈనాడు వ్రాయదలచినది ఆ బిడ్డ చికిత్సను గూర్చి కాదు. ఆ వ్యాధి ఆ ఇంటిలో పుట్టలేదు. అది ఎక్కడ పుట్టిందో వెదుక్కుంటూ పోతే నదికి ఎదురీదవలసి వస్తుంది.

చరక సంహిత విమానస్థానంలో మూడవ అధ్యాయానికి జనపదోద్ధ్వంసనీయమని పేరు. గంగా తీరాన, పాంచాల దేశపు రాజధాని కాంపిల్యంలో, వేసవి చివరి దినాలలో పునర్వసు ఆత్రేయుడు శిష్యుడైన అగ్నివేశునికి చెప్పిన విషయమిది. మనుషులకు ప్రకృతులు వేరు, ఆహారాలు వేరు, బలాలు వేరు, వయస్సులు వేరు; అటువంటప్పుడు ఒక దేశమంతా ఒకే కాలంలో ఒకే వ్యాధితో ఎందుకు నశిస్తుందని శిష్యుని ప్రశ్న. గాలి, నీరు, నేల, కాలం అందరికీ ఉమ్మడివి కనుక అవి చెడినప్పుడు అందరూ చెడతారని గురువు సమాధానం. చెడిన నీటి లక్షణాలను కూడా ఆయన చెప్పాడు. వాసన, రంగు, రుచి, స్పర్శ వికృతమై, జిగట పట్టి, నీటి పక్షులు విడిచిపోయిన నీరు గుణం కోల్పోయినదని గుర్తించమన్నాడు. వీటన్నిటికీ మూలం ప్రజ్ఞాపరాధమనీ, దేశాన్ని, నగరాన్ని ఏలేవారు ధర్మం తప్పితే వారి ఆశ్రితులు, ప్రజలు, వ్యాపారులు ఆ అధర్మాన్ని పెంచుతారనీ కూడా అదే అధ్యాయంలో ఉంది. ఆయుర్వేదమంటే అల్లం, మిరియాలు, శొంఠి మాత్రమే అనుకునేవారు ఈ అధ్యాయాన్ని ఒకసారి చదవవలెను.

ఇక మన నది సంగతి. బెల్లంకొండ మండలం సరిహద్దు కృష్ణ. మాకు ఎగువన నాగార్జునసాగరం, దిగువన విజయవాడ వద్ద ప్రకాశం బ్యారేజి. ఈ రెంటి నడుమ పులిచింతల జలాశయం ఉన్నది. కృష్ణా డెల్టాలోని సుమారు 13 లక్షల ఎకరాలకు సకాలంలో నీరందించడానికి 45.77 టీఎంసీల సామర్థ్యంతో నిర్మించిన జలాశయమిది. 2013 డిసెంబరులో దీనిని జాతికి అంకితం చేశారు. దీని కోసం మా మండలంలోని పాత పులిచింతల, కోహినూరు దొరికిన చోటని చెప్పుకునే కొల్లూరు నీటి అడుగుకు పోయాయి. గుడులు, బావులు, తాతల నాటి చింతచెట్లు వదలుకొని, మూటలు సర్దుకొని జనం తరలిపోయారు. ఊళ్ళను ముంచి నిలుపుకున్న నీరు ఎలాంటి నీరు అని అడిగే హక్కు ఇక్కడివారికి అందరికన్న ముందు ఉన్నదని నా అభిప్రాయం.

ఎలాంటి నీరో తెలియాలంటే హైదరాబాదు వెళ్ళాలి. మహానగరం దాహం తీర్చడానికి నాగార్జునసాగరం వెనుక జలాల నుండి మూడు దశలలో కృష్ణ నీటిని ఎత్తి పంపుతున్నారు. మొదటి దశ 2004 ప్రాంతంలో, రెండవది 2008లో, మూడవది 2015లో వచ్చాయి. ఒక్కొక్క దశ దినానికి 9 కోట్ల గ్యాలన్లు. మూడూ కలిసి 27 కోట్ల గ్యాలన్లు, అనగా దినానికి 120 కోట్ల లీటర్లకు పైమాట. ఆ నీరు నగరంలో తాగునీరై, స్నానపు నీరై, మరుగుదొడ్డి నీరై, చివరకు మూసీలో పడుతుంది. వికారాబాదు వద్ద అనంతగిరి కొండలలో పుట్టిన మూసీ 240 కిలోమీటర్లు ప్రవహించి నల్లగొండ జిల్లా వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. వాడపల్లికి ఎదుటి ఒడ్డున ఉన్నది మన పల్నాటి పొందుగల. అంటే సాగరం ఎగువన కడివెత్తి తీసుకున్న కృష్ణనే, ఒక మహానగరాన్ని కడిగిన తరువాత, సాగరం దిగువన పులిచింతలకు పైన తిరిగి కృష్ణలో పోస్తున్నాము. 2015 నుండి ఎల్లంపల్లి గోదావరి నీరు కూడా హైదరాబాదు చేరుతున్నది. గోదావరి, కృష్ణలను కలిపే పథకాలను గూర్చి పెద్దలు ఎన్నో మాట్లాడుతారు గాని, హైదరాబాదు మురుగు గొట్టాలు ఆ పని ఏనాడో చేశాయి!

నగర పాలకులు చేతులు ముడుచుకొని కూర్చున్నారని అనడం అన్యాయం. 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో జంట జలాశయాలే గాక భూగర్భ మురుగు వ్యవస్థ కూడా రూపుదిద్దుకున్నది. అయితే నగరం పెరిగిన వేగం వేరు, గొట్టాలు సాగిన వేగం వేరు. 2021 నాటి లెక్క ప్రకారం నగరపాలక సంస్థ పరిధిలో దినానికి 165 కోట్ల లీటర్ల మురుగు పుడుతుండగా, అప్పటికి ఉన్న 25 కేంద్రాలలో శుద్ధి అయినది 77 కోట్ల లీటర్లు. సగం కన్న తక్కువ. ఆ సంవత్సరమే 3,866 కోట్ల రూపాయలతో మరి 31 కేంద్రాలు మంజూరయ్యాయి. వాటి మొత్తం సామర్థ్యం దినానికి 126 కోట్ల లీటర్లు. వాటిలో కోకాపేట కేంద్రం 2023 జులైలో మొదట పనిచేయసాగింది. మిగిలినవి ఒకటొకటిగా ఆ వరుసలో వస్తున్నాయి. 2024 నవంబరు 8న తెలంగాణ ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి వలిగొండ మండలం సంగెం వద్ద మూసీ ఒడ్డున పాదయాత్ర చేసి, దిగువ పల్లెల వేదన విన్నారు. అక్కడికి ఇంకా కృష్ణ చాలా దూరం. ఆ పాదయాత్ర మాట వినబడిన కొద్దిమందిలో పొందుగల వారు, బెల్లంకొండ వారు, విజయవాడ వారు ఉండవలసినది. మన వైపున ఆ ఊసే ఎత్తినవారు లేరు.

నదికి తనను తాను శుద్ధి చేసుకునే శక్తి ఉన్నమాట నిజం. మూసీ పొడవునా రైతులు పూర్వం నుండి కట్టుకున్న కత్వలు ఉన్నాయి. 2000 దశకంలో పరిశోధకులు హైదరాబాదు దిగువన సుమారు 40 కిలోమీటర్ల మేర నీటిని పరీక్షించి, కత్వ వెనుక కత్వలో మురుగు నిలిచి, మడ్డి పేరుకొని, ఎండ తగిలి, కాలుష్యం, నులిపురుగుల గుడ్లు బాగా తగ్గుతున్నవని తేల్చారు. తరువాత సూర్యాపేట దాపున మూసీ ప్రాజెక్టు జలాశయం కూడా ఉన్నది. కనుక వాడపల్లిలో కలిసే నీరు చాదర్‌ఘాటు వంతెన కింద నల్లగా పారే నీరు కాదు. ఇది చెప్పక భయపెట్టడం వైద్యుని పని కాదు. కాని ఆ శుద్ధికి మూల్యం చెల్లించినవారు ఎవరు? ఆ నీటితో గడ్డి, వరి, ఆకుకూరలు పండించిన రైతులు. వారిలో కొంకిపురుగు వ్యాధి అధికంగా ఉన్నదని అదే కాలంలో కనుగొన్నారు. పైగా ఎండకూ మడ్డికీ లొంగనివి కొన్ని ఉన్నాయి. లవణాలు, నైట్రేట్లు, మందుల అవశేషాలు అటువంటివి. 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరు పారిశ్రామిక వ్యర్థజల శుద్ధి కేంద్రం నుండి వెలువడే నీటిలో సిప్రోఫ్లోక్సాసిన్ అనే క్రిమిసంహారక ఔషధం లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నదని ప్రకటించారు. ఆ మందు మ్రింగిన రోగి రక్తంలో ఉండే మోతాదును మించిన మాట అది. ఆ కేంద్రం నీరు పూర్వం మంజీర వైపు పోయేది. తరువాత గొట్టం వేసి అంబర్‌పేట మురుగు శుద్ధి కేంద్రానికి, అనగా మూసీ వైపుకు మళ్ళించారు. అల్ప మోతాదులో మందు నిత్యం తగిలితే క్రిములు చావవు, ఆ మందుకు అలవాటు పడతాయి. అలా అలవాటు పడిన క్రిమి ఒక ఇంటిలో ప్రవేశిస్తే ఆ ఇంటి పెద్దకు ఏ మందు పనిచేయాలి?

2018లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలో 351 నదీ ఖండాలను కలుషితమైనవిగా పేర్కొన్నది. మూసీ అందులో అత్యంత అధ్వాన్నమైన మొదటి తరగతిలో ఉన్నది. అదే జాబితాలో అమరావతి నుండి హంసలదీవి వరకు మన కృష్ణ కూడా ఉన్నది. దీనికి హైదరాబాదును మాత్రమే నిందించి ఊరుకుంటే మనల్ని మనం మోసగించుకున్నట్లే. మాచర్ల పక్కన పారే చంద్రవంక ఎత్తిపోతల వద్ద దూకి కృష్ణలో కలుస్తుంది. పల్నాటి వీరుల కారంపూడి ఒడ్డున పారిన నాగులేరు దాచేపల్లి మీదుగా వచ్చి కృష్ణలో కలుస్తుంది. ఈ ఊళ్ళ సైడు కాలువలు ఎటు పారుతున్నాయో ఎవరైనా వానపడిన మరునాడు వెళ్ళి చూడవచ్చును. గుంటూరులో 2018 మార్చిలో మంచినీటి గొట్టాలలో మురుగు కలిసి, అతిసారంతో పదిమందికి పైగా చనిపోయారు. హైదరాబాదు మురుగు దూరం నుంచి వచ్చే శత్రువైతే, మన సైడు కాలువ ఇంటిలోని పాము.

రెండేళ్ళ క్రిందట ఒక తెల్లవారుజామున, రోగిని చూడడానికి పోతూ ఒక వాగు వంతెన మీద ఆగాను. సెప్టిక్ ట్యాంకులు ఖాళీ చేసే లారీ ఒకటి వెనుకకు తిప్పి, లావుపాటి గొట్టం వాగులోకి వదిలి ఉన్నది. వాసన చెప్పనక్కరలేదు. డ్రైవరును నిలదీశాను. అతడు కోపగించుకోలేదు. "ఎక్కడ పొయ్యమంటారండీ? పోసే చోటు చూపించండి, అక్కడే పోస్తాం. మీ ఇంట్లో ట్యాంకు నిండినా ఇక్కడికే తెచ్చేది" అన్నాడు. నాకు సమాధానం దొరకలేదు. మా ఇంటి ట్యాంకు అంతకు ముందు సంవత్సరమే ఖాళీ చేయించాను. ఎక్కడ పోశారని నేను అడగలేదు.

సెప్టిక్ ట్యాంకు ఉంటే మురుగు శుద్ధి అయినట్లేనని మధ్యతరగతి ఇళ్ళలో గట్టి నమ్మకం. అది పొరపాటు. ట్యాంకులో జరిగేది మడ్డి అడుగుకు దిగి, కొంత మురిగి, కొంత కరగడం మాత్రమే. పైన తేలి వచ్చే నీటిలో క్రిములు పుష్కలంగా ఉంటాయి. ఆ నీరు ఇంకుడు గుంతలోకి పోవాలి. బావికి, బోరుకు దూరంగా పోవాలి. మన ఇళ్ళలో చాలావరకు ఆ గొట్టం తిన్నగా వీధి కాలువలోకే పెట్టి, పైన ఒక నాపరాయి కప్పుతారు. రెండు మూడేళ్ళకు ఒకసారి ట్యాంకు తీయించాలన్నది నియమం. పొంగి వాసన వేసేదాకా మనకు గుర్తుకు రాదు.

అసలు మురుగు శుద్ధి చేయడం గొప్ప మంత్రవిద్య కాదు. మురుగులో వెయ్యింట తొమ్మిదివందల తొంభై తొమ్మిది పాళ్ళు నీరే. చెరుపు చేసేది మిగిలిన ఒక్క పాలు. మొదట జల్లెడ ఊచలతో గుడ్డలు, సంచులు ఆపుతారు. తరువాత ఇసుక దిగుతుంది. తరువాత పెద్ద తొట్టెలో నిలిపి, అడుగు నుండి గాలి ఊదుతారు. గాలి అందిన సూక్ష్మజీవులు మురుగును తిని పెరుగుతాయి. తిన్నవి గడ్డలుగా కట్టి అడుగుకు దిగుతాయి. పైన తేట మిగులుతుంది. అడుగున దిగిన ఆ మడ్డిలో కొంత తీసి మరుసటి తొట్టెలో వేస్తారు. మన ఇల్లాండ్రు నిన్నటి పెరుగులో ఒక గరిటెడు తీసి ఇవాళ్టి పాలలో తోడు వేసినట్లే! ఈ పద్ధతిని 1914లో ఇంగ్లండులోని మాంచెస్టరు పట్టణంలో ఆర్డెర్న్, లాకెట్ అనే ఇద్దరు రసాయనజ్ఞులు ప్రకటించారు. నేటికీ లోకమంతటా మురుగు శుద్ధికి ముఖ్యాధారం ఆ తోడు పద్ధతే. తోడు చెడితే పెరుగు విరిగినట్లు, ఫినాయిలు, ఆసిడ్లు, కర్మాగారపు రసాయనాలు వచ్చి పడితే తొట్టెలోని జీవులు చచ్చి, కేంద్రం మొత్తం పనికిరాకుండా పోతుంది. మరుగుదొడ్డి తెల్లగా మెరవాలని సీసాల కొలది ఆసిడ్ పోసే ఇల్లాలు ఈ సంగతి ఎరగాలి.

పల్నాటి పట్టణాలకు గాలి ఊదే యంత్రాల కన్న వరుస కుంటలే మేలని నా అభిప్రాయం. మూడు నాలుగు కుంటలు ఒకదాని వెనుక ఒకటి త్రవ్వి, మురుగును దాదాపు ఇరవై దినాలు మెల్లగా నడిపిస్తే, నాచు గాలినిస్తుంది, ఎండ క్రిములను చంపుతుంది, నులిపురుగుల గుడ్లు అడుగున దిగుతాయి. స్థలం ఎక్కువ కావాలి, దోమలు చేరకుండా గట్లు శుభ్రంగా ఉంచాలి. కరెంటు బిల్లు మాత్రం నామమాత్రం. పల్నాటిలో ఎండకు కరువు లేదు గదా. యంత్రాలను నేను ఎందుకు శంకిస్తున్నానంటే, 2021లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రకటించిన లెక్క చూడండి. దేశంలోని పట్టణాలలో దినానికి పుట్టే మురుగు 7,237 కోట్ల లీటర్లు. నిర్మించిన కేంద్రాల సామర్థ్యం 3,184 కోట్ల లీటర్లు. వాస్తవంగా శుద్ధి అయినది 2,024 కోట్ల లీటర్లు. కట్టినవి కూడా పూర్తిగా నడవడం లేదన్నమాట. ప్రారంభోత్సవానికి శిలాఫలకం ఉంటుంది, మోటారు మరమ్మతుకు శిలాఫలకం ఉండదు.

ఎగువవాడి శుభ్రత దిగువవాడికి శాపం కావడం మనకే పరిమితమైన కథ కాదు. లండనులో 1858 వేసవిలో థేమ్సు నది దుర్గంధానికి పార్లమెంటు సభ్యులు ముక్కులు మూసుకొన్న తరువాత బాజల్‌గెట్ అనే ఇంజనీరు బ్రహ్మాండమైన మురుగు సొరంగాలు కట్టాడు. నగరం బాగుపడింది. మురుగు మాత్రం శుద్ధి కాకుండానే నగరం దాటిన తరువాత దిగువన నదిలో పడింది. 1878 సెప్టెంబరులో ఆ చోటికి సమీపంలోనే ఒక విహార నౌక మునిగి ఆరువందల మందికి పైగా మరణించినప్పుడు, ఆ మురికి నీటిని గూర్చి దేశమంతా గగ్గోలు పుట్టింది. ఆ తరువాతనే మడ్డిని వేరు చేయడం మొదలైంది. దాదాపు ఇరవై ఏళ్ళు దిగువవారు ఆ నీటిని భరించారు.

ఇక ఇంటి వైద్యానికి వస్తాను. పాఠకులు అడగక మానరు. సుశ్రుతుడు సూత్రస్థానంలో నీటిని తేర్చే వస్తువులు ఏడింటిని చెప్పాడు. అందులో మొదటిది ఇండుప గింజ, మన పల్లెలలో చిల్లగింజ అనేది. దానిని గరుకు రాతి మీద అరగదీసి కడవలో కలిపితే ఒండ్రు అడుగుకు దిగడం మా అమ్మమ్మ ఇంటిలో నేను చిన్నప్పుడు చూచినదే. వడగట్టే గుడ్డ కూడా ఆ ఏడింటిలో ఒకటి. నీటిని కాచడం, ఎండలో పెట్టడం, ఎర్రగా కాలిన ఇనుప గుండును ముంచడం కూడా ఆయన చెప్పాడు. రాగి బిందెలో రాత్రంతా ఉంచిన నీటిలో కొన్ని విరేచన క్రిములు నశిస్తాయని ఇటీవలి ప్రయోగాలు చూపాయి. ఇవన్నీ మంచివే. వీటిలో నమ్మదగినది కళపెళ మరిగించడం; పగలు కాచినది రాత్రికి, రాత్రి కాచినది పగటికి వాడరాదన్న శాస్త్ర నియమం కూడా మరువరాదు. కాని ఇండుప గింజ తేటపరుస్తుందే గాని విషక్రిములన్నిటినీ తీసివేయదు. కాచినందువల్ల నైట్రేటు పోదు, ఫ్లోరైడు పోదు. నీరు ఇగిరిన కొద్దీ ఇంకా చిక్కబడతాయి. పల్నాటిలో ఎన్నో గ్రామాల బోరు నీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితిని మించి ఉన్నది. పండ్లు గారపట్టిన పిల్లలను, వంగిన నడుములను మనం చూస్తూనే ఉన్నాము. ఆ గ్రామాలకు దిక్కు నది నీరే. అందుచేత "నది పాడైతే బోరు వేసుకుందాం" అనుకునే వీలు కూడా మనకు లేదు.

టిన్ను నీళ్ళు కొనుక్కునే స్తోమత ఉన్నవారు నదిని గూర్చి అడగడం మానేశారు. ఇది నాకు అన్నిటికన్న బాధ కలిగించే విషయం. పూర్వం మంచినీటి చెరువులో ఎవరైనా పశువును కడిగితే ఊరంతా అరిచేది, ఎందుకంటే కరణం గారి ఇల్లూ, కూలివాని ఇల్లూ ఆ నీరే తాగేవి. నేడు అరవగలిగినవారు టిన్ను కొనుక్కొని ఊరుకున్నారు. మిగిలినవారి అరుపు ఎవరికీ వినబడదు. మురుగు పన్ను నెలకు కొద్ది రూపాయలు పెంచుతామంటే సభలు పెట్టి వ్యతిరేకించేదీ మనమే. నెలకు టిన్నులకు మనం ఇచ్చేది దానికి ఎన్ని రెట్లో ఒకసారి గృహిణులు లెక్క వేయవలెను.

స్నానానికి యోగ్యమైన నదీజలానికి ప్రమాణం ఉన్నది. లీటరుకు కరిగిన ప్రాణవాయువు 5 మిల్లీగ్రాములకు తగ్గరాదు, జీవరసాయన ప్రాణవాయు అవసరం 3 మిల్లీగ్రాములు మించరాదు. కృష్ణా పుష్కరాలు 2016లో జరిగాయి, మళ్ళీ 2028లో వస్తాయి. వాడపల్లి సంగమంలో, పులిచింతలలో, అమరావతి రేవులో ఈ అంకెలు ప్రతి నెలా ఎంత ఉన్నవో రేవుల వద్ద బోర్డు మీద వ్రాసి పెట్టమని రెండు రాష్ట్రాలనూ ఇప్పటి నుండే అడగవచ్చును. పంచాంగంలో తిథి వ్రాసినట్లు ఆ అంకె వ్రాస్తే చాలు. మునగడమా, మూడు దోసిళ్ళు తల మీద చల్లుకొని రావడమా అన్నది భక్తుడు నిర్ణయించుకుంటాడు.

నేను నా వంతుగా ఒక చిన్న పని చేశాను. వాగు వంతెన మీద డ్రైవరు అడిగిన ప్రశ్ననే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో ఒక కార్యాలయానికి పంపాను. ఈ పరిధిలో సెప్టిక్ ట్యాంకు లారీలు ఎన్ని, వాటికి అనుమతి ఉన్నదా, అవి ఎక్కడ పోయవలెనని నిర్ణయించారు, ఆ చోటు నుండి నీరు ఎటు పారుతుంది. చట్ట ప్రకారం ముప్పది దినాలలో జవాబు రావాలి. ఇది వ్రాసే నాటికి పందొమ్మిది దినాలు గడిచాయి. వచ్చిన జవాబును, రాకపోతే రాలేదన్న మాటను, వచ్చే సంచికకు పంపుతాను. మీ ఊరిలో కూడా ఈ ప్రశ్నలే అడిగినవారు ఉంటే ఆ ప్రతిని పత్రిక చిరునామాకు పంపవలసినదిగా కోరుతున్నాను.